రంగసామి యంత్రానికి పోసిన నీళ్లు

2002 డిసెంబరులో నన్ను కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్‌కు మార్చారు. యంత్రాలు అమ్మి, బిగించి, మరమ్మతు చేసే ఒక కంపెనీలో నేను సీనియర్ టెక్నీషియన్‌ని. మా వరుసలో నాకు పైన సర్వీస్ ఇంజనీరు, ఆయనకు పైన బ్రాంచి మేనేజరు. ఇంజనీరు కావాలంటే డిప్లొమా ఉండాలి. నాకున్నది ఐ.టి.ఐ. ఫిట్టరు సర్టిఫికెట్ ఒక్కటే. మిగతా చదువంతా కోవిల్‌పట్టి గ్రంథాలయంలో, పని దిగాక సాయంత్రాలు, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివింది. లోహాన్ని కోసేటప్పుడు పోసే ద్రవాల మీద అక్కడ ఒక పాత ఇంగ్లీషు పుస్తకం ఉండేది. చివరి అట్టకు అంటించిన తేదీల చీటీ మీద వరసగా అన్నీ నేను తీసుకున్న తేదీలే. తెలుగు అక్షరాలు కూడా నలభయ్యో ఏట ఇలాగే, ఒక వాచకం కొనుక్కుని నేర్చుకున్నాను. మా వైపు తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాష. బయట అంతా తమిళమే. చదివేవాళ్లు దాదాపు లేరు.

విరుదునగర్‌లో చేరిన నెలకు ఒక జాబ్ కార్డు నా చేతికొచ్చింది. చేయవలసిన పని ఏమిటో రాసి ఇచ్చే అట్టముక్కను జాబ్ కార్డు అంటాం. అందులో మూడే ముక్కలున్నాయి: ఇంటి యంత్రం, కూలెంట్ ఎంపిక, బిగింపు. ఆ పాత పుస్తకంలోని ద్రవాలనే మేం కూలెంట్ అంటాం. ఇంజనీరు ఫ్యాక్టరీలకే వెళ్లేవాడు. ఇళ్లలో ఉన్న యంత్రాలు నా వంతు. ఎంపిక అన్న మాట కార్డు మీద నా పేరుతో రావడం అదే మొదటిసారి. అంతకుముందు ఎవరో ఎంచినదాన్ని నేను బిగించేవాణ్ణి.

ఇల్లు ఊరి చివర, పప్పు మిల్లులు దాటాక ఉంది. యజమాని పేరు రంగసామి. నలభై దాటిన మనిషి. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల యంత్రాలకు విడిభాగాలు చేసే వర్క్‌షాపులో పద్నాలుగేళ్లు మిల్లింగ్ పని చేశాడు. విళాత్తికుళం వైపున్న నల్లరేగడి చేను అమ్మి, కోయంబత్తూరులో ఒక శిక్షణ పాఠశాల వదిలించుకున్న చిన్న సి.ఎన్.సి. మిల్లింగ్ యంత్రాన్ని కొన్నాడు. తిరిగే కట్టర్ కింద ఇనుప దిమ్మను పెడితే, కంప్యూటరులో రాసిన దారి వెంట బల్ల తానే జరిగి దిమ్మను చెక్కే యంత్రం అది. పాఠశాలలో పిల్లలు మైనాన్నీ అల్యూమినియాన్నీ కోసేవాళ్లు. అందువల్ల దానికి కూలెంట్ ఏర్పాటు లేదు. రంగసామి కొయ్యవలసింది ఉక్కు.

విరుదునగర్ నూనె వ్యాపారం ఊరు. నూనె డబ్బాలకు ప్లాస్టిక్ మూతలు చేసే ఒక కార్ఖానా అతన్ని ఒక అచ్చు చేసి చూపించమంది. మొదటిది నునుపు రాలేదని తిప్పి పంపింది. ఇంకొకటి చేసి చూపించడానికి ఒప్పుకుంది. అది నచ్చితే ఆ కార్ఖానా అచ్చులన్నీ అతనివే. నచ్చకపోతే మళ్లీ కోవిల్‌పట్టి వెళ్లి ఇంకొకరి యంత్రం ముందు షిఫ్టుకు నిలబడాలి. ఈ మాట అతను మొదటి రోజే, టూలు కడుగుతూ, ఇంకెవరి సంగతో చెప్తున్నట్టు చెప్పాడు.

అతని భార్య గురువమ్మ కాఫీ తెచ్చి, గడప దగ్గరే నిలబడి అడిగింది.

"యా ఊరన్నా మీది?"

కోవిల్‌పట్టి అని, మా అమ్మ పుట్టిల్లు ఏళాయిరంపన్నై అని చెప్పాను.

"మా పెద్దమ్మని ఇచ్చింది ఆ ఊర్లో దా. అయితే మీరు నాకు అన్న."

రంగసామి టూలు పక్కన పెట్టి నవ్వాడు. "అయిపాయ. సొంతం అని తెలిసినాక దా పని చెడేది. ఏం బావా?" మా వైపు సొంతం అంటే చుట్టరికం, దా అంటే 'నే'.

"అది నీ చెయ్యి బట్టి ఉంటుంది" అన్నాను.

"నా సెయ్యి బాగా దా ఉండాది. నీ పుస్తకం ఎట్టుండాదో సూస్తాం."

ఆ రోజు నుంచి అతనికి నేను బావను, ఆమెకు అన్నను.

ఉక్కును కోసేటప్పుడు కట్టర్ అంచు దగ్గర పుట్టే వేడి, నీళ్లు మరిగించే వేడికంటే చాలా ఎక్కువ. ఆ వేడిని తీసెయ్యడం, రాపిడి తగ్గించడం, రాలిన లోహపు పొట్టును కొట్టుకుపోయేట్టు చెయ్యడం, ఈ మూడూ కూలెంట్ పనులు. ఇందుకు మార్గాలు నాలుగు. ఒకటి, ద్రవం లేకుండా గాలి మాత్రం ఊదడం. మొదటి రోజు అదే చేసి చూశాం. గంటలోపల పొట్టు నీలంగా కాలి రాలింది. కట్టర్ మొద్దుబారింది. రెండోది, గాలిలో నూనె బొట్లు కలిపి మంచులా చల్లడం. దానికి తొట్టి అక్కర్లేదు, ఖర్చూ తక్కువ. కానీ ఆ పొగమంచు గదిలోనే తేలుతుంది. యంత్రం పెట్టిన గది కిటికీ వంటింట్లోకి తెరుచుకుంటుంది.

గురువమ్మ ఆ మాట విని, "పులుసులో ఆయిలు వాసన వస్తే ఈయప్ప దా తినాల. నేను తినను" అంది.

"ఇప్పుడు మాత్రం ఏం వాసన వస్తా ఉండాది, పులుసు వాసనా?" అన్నాడు రంగసామి.

మూడోది, నీళ్లు కలపని చిక్కటి నూనెను పొయ్యడం. అది నెమ్మదిగా సాగే మొరటు పనికి అని పుస్తకంలో ఉంది. పొగ వస్తుంది, నేలంతా జిడ్డవుతుంది. దాన్ని పెద్దగా ఆలోచించకుండానే పక్కన పెట్టాను. నాలుగోది, సొల్యుబుల్ ఆయిల్ అనే నూనెను నీళ్లలో కలిపి, పంపుతో ధారగా పోసి, కిందికి జారినదాన్ని వడకట్టి మళ్లీ వాడడం. పెద్ద ఫ్యాక్టరీలన్నింటిలో ఉండేది అదే. పుస్తకంలో ఎక్కువ పేజీలు దాని మీదే. నేను ఎంచింది అదే. కాగితం మీద గీసి, కొలతలు వేసి, ఇంజనీరుకు చూపించాను. ఆయన నిలబడే చదివి, బాగుందన్నాడు.

బిగింపుకు మూడు రోజులు పట్టింది. బల్ల కింద వెనక్కి వాలుగా రేకు పళ్లెం అమర్చాను. దాని కొసన జల్లెడ, దాని కింద నలభై అయిదు లీటర్ల తొట్టి. తొట్టిలో రెండు అడ్డుపలకలు పెట్టాను. పొట్టు మొదటి గదిలో, సన్నటి ఇనుపధూళి రెండో గదిలో అడుగుకు దిగిపోయి, పంపు ఉండే మూడో గదిలోకి తేట ద్రవమే రావాలని. కట్టర్‌కు రెండు పక్కలా ద్రవం చిమ్మే రెండు నాజిళ్లు, అవి ఎటు వంచితే అటు నిలిచే గొట్టాలు. చుట్టూ చిందకుండా అక్రిలిక్ పలకలు. పంపు స్విచ్చిని కంట్రోలుకు కలిపాను. ప్రోగ్రాములో ఎం-ఎనిమిది అని రాస్తే పంపు తిరుగుతుంది, ఎం-తొమ్మిది అంటే ఆగుతుంది. రంగసామి ఆ రెండు మాటలనూ పది సార్లు నొక్కి చూశాడు.

నీళ్ల విషయంలో నేను అజాగ్రత్తగా ఉన్నానని ఎవరూ అనలేరు. పెరట్లో బోరు ఉంది. అక్కడ చేతులు కడుక్కుంటే సబ్బు నురగ రాలేదు. నోట్లో పోసుకుంటే ఉప్పు. ఇలాంటి నీళ్లలో ఈ నూనె కలవదు, కలిసినా నిలవదు, యంత్రానికి తుప్పు పడుతుంది అని రంగసామికి చెప్పాను. మునిసిపాలిటీ కుళాయి నీళ్లు తియ్యటివి. గురువమ్మ వంటింట్లోంచి మూడు ప్లాస్టిక్ బిందెలు తెచ్చి ఇచ్చింది. సబ్బు ముక్క వేసి కలిపితే బిందె అంచు దాకా నురగ వచ్చింది. తృప్తి పడ్డాను. నీళ్లను తొట్టిలో పోసి, నూనెను సన్నటి ధారగా పోస్తూ కర్రతో కలిపాను. నూనెనే నీళ్లలో పొయ్యాలి, నీళ్లను నూనెలో పొయ్యకూడదు. తిరగేస్తే ముద్ద కడుతుంది. ద్రవం తెల్లగా మారింది.

"పాలు మాదిరి ఉండాదే" అంది గురువమ్మ. కాసేపు చూసి, "అన్నా, ఇది దినానికి ఎంత తాగుతాది?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో ఉంది. ఎండాకాలంలో రోజుకు మూడు, నాలుగు లీటర్లు. వేడికి ఆవిరై కొంత, పొట్టుకు అంటుకుని కొంత పోతుంది. నేను ఆ ముక్క చెప్పలేదు. నూనె బొట్లు నీళ్లలో ఎలా తేలుతాయో, ఉప్పు వాటిని ఎలా విడగొడుతుందో, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, మధ్య మధ్య ఇంగ్లీషు మాటలతో చెప్పాను. దినమూ తగ్గినంత పోస్తూ ఉండాలి అని ముగించాను. ఆమె "సరన్నా" అని ఖాళీ బిందెలు తీసుకుని లోపలికి వెళ్లింది. రంగసామి నా వైపు చూసి, "బావా, నువ్వు వాద్యారు అయ్యుండాల్సింది" అన్నాడు. పంతులు అనడాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

మొదటి రెండు నెలలూ మంచి కబుర్లే వచ్చాయి. గంటలో పొయ్యే కట్టర్ రోజంతా నిలుస్తోంది. రెండో అచ్చు నునుపుగా వచ్చింది. కార్ఖానావాళ్లు దాన్ని తీసుకుని, ఒకేసారి ఎనిమిది మూతలు పడే పెద్ద అచ్చు చెయ్యమన్నారు. మార్చిలో బస్టాండు దగ్గర కనిపించినప్పుడు రంగసామి నన్ను టీ తాగకుండా పోనివ్వలేదు. నేను రెండు చోట్ల, ఇద్దరు ఖాతాదారులకు, రంగసామి ఇంటి ఏర్పాటును ఉదాహరణగా చెప్పాను.

మే నెలలో ఒక ఉదయం ఆఫీసుకు ఫోను వచ్చింది. మాట్లాడింది గురువమ్మ. ఇంటాయన ఎవరితోనూ మాట్లాడడం లేదని, ఒకసారి రమ్మని చెప్పింది.

గదిలో అడుగు పెట్టగానే కుళ్లిన గుడ్ల వాసన కొట్టింది. తొట్టిలో తెలుపు లేదు. పైన పసుపుపచ్చటి మీగడ, కింద తుప్పు రంగు నీళ్లు. పెద్ద అచ్చు బల్ల మీదే ఉంది. కార్ఖానావాళ్లు తిప్పి పంపారు. ఎనిమిది గుంటల్లో రెండు కొసల్లోవి సరిగ్గా ఉన్నాయి. మధ్యలోవి ఒక్కొక్కటీ ఒక్కో కొలత. నేను బల్ల కింద రేకు తొడుగులు విప్పాను. బల్ల జారే గైడ్‌వేల మీద ఎర్రటి చారలు. బల్లను జరిపే బాల్ స్క్రూ ఈ యంత్రానికి ప్రాణం. ఉక్కు గుండ్ల మీద దొర్లే మర అది. దాని మధ్యభాగమంతా సూదితో పొడిచినట్టు గుంటలు పడ్డాయి. పని ఎక్కువగా నడిచేది మధ్యలోనే. చూపుడు వేలు తొట్టిలో ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. బోరు నీళ్లకంటే ఉప్పు.

"ఏం నీళ్లు పోశావు?" అని రంగసామిని అడిగాను.

"మంచినీల్లే బావా. అమ్మ మీద ఆన. వాకిలి దగ్గర బిందె పెట్టుంటాది. దాంట్లో తీసి దా పోస్తాను."

"ఆ బిందె ఎవరు నింపుతారు?"

ఇద్దరం గడప వైపు చూశాం. గురువమ్మ అక్కడే ఉంది. దాచిపెట్టాలని ఆమె అనుకోలేదు.

"నేను దా నింపేది. రెండు నెలలుగా బోరు నీల్లు" అంది.

ఆ సంవత్సరం వానలు లేవు. మునిసిపాలిటీ కుళాయి పది దినాలకు ఒకసారి వస్తోంది. వచ్చిన రోజు ఆ వీధిలో ఇంటికి ఎనిమిది బిందెలు దొరికితే ఎక్కువ. యంత్రం ఆ పది దినాల్లో దాదాపు మూడు బిందెలు తాగుతుంది. మిగిలిన అయిదు బిందెలతో ఆ ఇంట్లో నలుగురు పది దినాలు వండుకుని తాగాలి. ఈ లెక్క నేను ఆ రోజు, తొట్టి పక్కన నేల మీద కూర్చుని మొదటిసారి వేశాను. ఆమె మార్చిలోనే వేసింది.

"నాకు సెప్పిండొచ్చు గదా గురువూ" అన్నాడు రంగసామి. గొంతు పెంచలేదు.

"సెప్పింటే నువ్వు తాగకుండా దానికి పోసుందువు. నిన్ను నాకు తెల్దా?" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "కుళాయి కాడ ఆడోళ్లు బిందెకు కొట్టుకుంటా ఉండారన్నా. నేను తెచ్చి ఇనుముకు పోస్తే వాళ్లు ఊరుకుంటారా? దినానికి ఎంత తాగుతాదని నిన్ను ముందే అడిగినా. నువ్వు ఏమేమో సెప్పినావు. నాకు అర్తం అయింది ఒగటే, దినమూ పొయ్యాలని. పోసినా."

పుస్తకంలో ఉన్నదే జరిగింది. ఆవిరయ్యేది నీరు మాత్రమే. ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. రోజూ పోసిన కొద్దీ ఉప్పు చేరుతూనే ఉంటుంది. అందువల్ల బోరు నీళ్లకంటే తొట్టి నీళ్లు ఉప్పయ్యాయి. నూనె విడిపోయి పైకి తేలింది. రక్షణ పోయిన ఇనుముకు తుప్పు పట్టింది. కార్ఖానా వాయిదా దగ్గర పడడంతో రంగసామి వాసనను పట్టించుకోకుండా పని నడిపాడు.

రెండు రోజులు చెయ్యగలిగింది చేశాను. తొట్టి ఖాళీ చేసి కడిగాను. గైడ్‌వేలను నూనె తడిపిన సానరాయితో రుద్దాను. బాల్ స్క్రూలో ఎంత వదులుందో కొలిచి, ఆ మేరకు సర్దుకొమ్మని కంట్రోలులో అంకె వెయ్యవచ్చు. వదులు పొడవునా ఒకేలా ఉంటేనే అది పనికొస్తుంది. ఇక్కడ మధ్యలో ఒకటి, కొసల్లో ఒకటి. మధ్యకు సరిపెడితే కొసలు తప్పాయి. కొత్త స్క్రూ తెప్పించాలంటే మూడు నెలలు. ఆ ధరకు అమ్మడానికి రంగసామి దగ్గర ఇంకో చేను లేదు. కార్ఖానావాళ్లు నాలుగో రోజుకే ఆ పనిని మదురై మనిషికి ఇచ్చారు.

ఇలాంటి పని ముగిశాక ఫీల్డ్ రిపోర్టు రాయాలి. అందులో కారణం అనే గడి ఉంటుంది. బిగింపుకు మా కంపెనీ ఏడాది హామీ ఇచ్చింది కాబట్టి ఆ గడిలో ఏం రాస్తామన్నది ముఖ్యం: తప్పు మాదైతే స్క్రూ ఖర్చు కంపెనీదే. ఇంజనీరు ఫోనులో అంతా విని, వాడకందారు పొరపాటు, తగని నీరు, అని రాయమన్నాడు. అది అబద్ధం కాదని కూడా అన్నాడు. అలాగే రాశాను. కింద ఖాతాదారు సంతకం ఉండాలి. రంగసామికి ఇంగ్లీషు చదవడం రాదు.

"దీంట్లో ఏం రాసుండాది బావా?"

"నీళ్లు సరైనవి కావని."

"ఎవరి మీద?"

"నీ మీద."

అతను కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గురువు పేరు లేదు గదా?"

"లేదు" అన్నాను.

సంతకం పెట్టాడు.

ఆగస్టులో ఆ యంత్రాన్ని కోవిల్‌పట్టిలో ఒకరు విడిభాగాల కోసం కొన్నారు. పంపును, తొట్టిని నేనే విప్పి ఇచ్చాను. రంగసామి అతని పాత వర్క్‌షాపులోనే, అతనికంటే చిన్నవాడి కింద, మొదటి షిఫ్టుకు చేరాడు. విరుదునగర్ నుంచి ఉదయం అయిదింటి బస్సులో వెళ్లేవాడు. ఒకటి రెండుసార్లు ఆ బస్సులో కలిశాం. బావా అనే పిలిచాడు. యంత్రం మాట ఇద్దరం ఎత్తలేదు. వాళ్ల ఇంటికి నేను మళ్లీ వెళ్లలేదు.

తర్వాత తొమ్మిదేళ్లు ఉద్యోగం చేశాను. పద్ధతి మార్చుకున్నాను. పంపు, నాజిలు, నూనె గురించి మాట్లాడే ముందు ఆ ఇంటికి తియ్యటి నీళ్లు ఎన్ని దినాలకు ఒకసారి వస్తాయో, ఎన్ని బిందెలో, ఎవరు మోస్తారో అడిగేవాణ్ణి. మోసే మనిషిని యంత్రం దగ్గరికి పిలిచి, రోజుకు ఎంత పడుతుందో బిందె మీద గీత గీసి చూపించేవాణ్ణి. అన్ని నీళ్లు ఇవ్వలేమని ఆ మనిషి అంటే, నీళ్లతో పనిలేని చిక్కటి నూనె పెట్టేవాణ్ణి. దానికి పొగ వస్తుంది, జిడ్డవుతుంది, పని నెమ్మదిస్తుంది, యంత్రం మాత్రం నిలుస్తుంది. రంగసామి ఇంట్లోనూ అదే సరిపోయేది. ఆ అధ్యాయం నేను చదివే ఉన్నాను. ఆ ఇంటికి అది వర్తిస్తుందో లేదో తేల్చే నీళ్ల లెక్క పుస్తకంలో లేదు. అది గురువమ్మకు తెలుసు. ఆమె అడిగినప్పుడు నేను పాఠం చెప్పాను. రిపోర్టులో కారణం గడిని ఆ తర్వాత కూడా నేను దిద్దలేదు.